మడి నడకకు సున్నా

చిత్తూరు జిల్లా ఆసుపత్రుల్లో నర్సుగా, హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. కరోనా రెండో విడత తగ్గిన ఏడాది, తిరుపతి బయట రేణిగుంట దారిలో ఉన్న ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో నర్సింగ్ సూపరింటెండెంటుగా చేరాను.

అక్కడ ప్రతి మూడు నెలలకూ ఒక్కొక్కరికీ మదింపు ఫారం నింపాలి. స్నానం, బట్టలు, తిండి, నడక, ఇలా ఒక్కోదానికి మనిషికి ఎంత సాయం కావాలో ఏడు రోజులు, మూడు షిఫ్టులూ గమనించి అంకె వేయాలి. సాయమే అక్కర్లేకపోతే సున్నా. పక్కన ఒకరు కనిపెట్టుకుని ఉండాల్సి వస్తే ఒకటి. చెయ్యి పట్టాల్సి వస్తే రెండు, అలా పైకి. ఆ అంకెలను బట్టే ఆయాలను కేటాయిస్తారు. ఫారం నింపేది వార్డు నర్సు, సరిచూసి సంతకం పెట్టేది నేను.

వార్డు నర్సు కస్తూరిది బంగారుపాళ్యం. నా సర్వీసంత వయసు కూడా లేదు ఆ పిల్లకు. వారానికోసారి వచ్చే డాక్టరు నాకు నమస్కారం పెట్టి, ఆమె ఫారాలు అడిగేవాడు. నేను రౌండుకు వెళ్తే ముసలివాళ్లు "కస్తూరి యాడమ్మా, ఇంకా రాలా?" అని నన్నే అడిగేవాళ్లు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని పైకి నవ్వేదాన్ని. లోపల ఒళ్లు మండేది. ఆమె ఫారాలు ముందేసుకుని తప్పుల కోసం వెతికేదాన్ని. దొరికేవి కావు, అందుకు ఇంకా మండేది.

ఒకసారి దొరికిందనుకున్నాను. వరదాచారి గారని, గుడి వంటశాలలో పనిచేసిన వైష్ణవులు మా దగ్గర ఉండేవారు. పొద్దున్నే స్నానం చేసి, తడి పంచెతోనే తన గదిలోని పెరుమాళ్ పటం దాకా నడిచేవారు. మడి కాబట్టి ఎవరూ తాకకూడదు. ఆయన నడకకు కస్తూరి ఒకటి వేసింది. ఏడు రోజుల చార్టు తీసి చూశాను. ఒక్కరోజు కూడా ఆయన్ని ఎవరూ పట్టుకోలేదు. ఆమెను పిలిపించి, ఎవరూ చెయ్యి వేయనప్పుడు సాయం ఎక్కడిదని అడిగాను.

"సామి ముట్టుకోనీడు మేడమ్. అందుకే ఆయమ్మ రెండడుగులు ఎడంగా ఉండి, ముందర నేల తుడస్తా పోతాది. ఆయమ్మ లేకుంటే పడిపోతాడు" అంది.

వరదాచారి గారినే అడుగుదామని ఆమెను ఆయన గదికి తీసుకెళ్లాను. "నాకెవరి సాయం వద్దమ్మా, నేనే నడుస్తాను" అన్నారాయన. మడి పాటించే మనిషి ఇంకేమంటారు? ఆమె కళ్ల ముందే ఒకటి కొట్టేసి సున్నా వేసి, పక్కన సంతకం పెట్టాను. ఆ పూట నాకు అన్నం బాగా సహించింది.

సున్నా పడింది కాబట్టి ఆయాను వేరే గదికి మార్చారు. నాలుగో రోజు ఆయన స్నానాల గది గడప దగ్గర జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసినా మళ్లీ నడవలేదు. అప్పట్నుంచి ఇద్దరు ఆయాలు చెరోవైపు పట్టుకుని స్నానం చేయించేవాళ్లు. మడి అన్న మాట ఆయన మళ్లీ ఎత్తలేదు.

ప్రమాద నివేదిక రాయాల్సింది నేనే. కొట్టేసిన అంకె, నా సంతకం, ఉన్నదున్నట్టు రాశాను. కస్తూరి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ ఓర్పు చూసి కూడా నాకు అసూయే కలిగింది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇది. చెయ్యి వేయకుండా పక్కన నిలబడటం కూడా సాయమే, ఫారంలో దానికి వేరే అంకె ఉంది. ఆ సంగతి నాకు తెలియక కాదు. అక్కడి నర్సులందరికీ నేర్పింది నేనే. ఆ ఒకటి ఇంకెవరు వేసి ఉన్నా కొట్టేసేదాన్ని కాదు.