నాలుగో డివిజన్‌కి నేతి లడ్లు

ఒక డబ్బా లడ్లతో నా గ్రీన్ కార్డుని నేనే చేజేతులా గోతిలో పడేసుకోబోయిన వైనం ఇది. మీరు నవ్వండి, పరవాలేదు. ఆరోజు మాత్రం నాకు ముద్ద దిగలేదు.

ఎనభైల్లో డెట్రాయిట్ పక్కన నోవైలో, కారు విడిభాగాల కంపెనీలో ఇంజనీర్ని. మా బాస్ హారిస్ ఇంగ్లండ్ ఆయన. నా కాగితాల మీద ఆయన సంతకం పడాలి. అవేమో మూడు నెలలుగా ఆయన డ్రాయర్లో నిద్రపోతున్నాయి. ఆయన ప్రాణమంతా సొంతూరు హాల్‌బరీ ఫుట్‌బాల్ జట్టు మీదే. బట్టల మిల్లులు మూతబడ్డాక ఆ ఊరికి మిగిలింది ఆ జట్టొక్కటేనట. ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసిందల్లా బంతి గుండ్రంగా ఉంటుందని. అమెరికా వచ్చి ఇక్కడివాళ్ళ కోలబంతి చూశాక అదీ అనుమానంలో పడింది.

ఒక సోమవారం ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏమైంది సర్?"

"మా హాల్‌బరీ ఫోర్త్ డివిజన్‌కి వెళ్ళిపోయింది, రావ్."

"మరి ఇన్నాళ్ళూ?"

"థర్డ్‌లో ఉండేది."

మీరే చెప్పండి, మూడులో ఉన్నవాడు నాలుగుకి వెళ్తే మనం ఏమంటాం? పాసయ్యాడంటాం. అవి ఆనందబాష్పాలనుకున్నాను.

"కంగ్రాచ్యులేషన్స్ సర్! ఇదే ఊపులో వచ్చే ఏడు ఫిఫ్త్ కూడా కొట్టేస్తారు!"

ఆయన నోరు తెరిచి, మూసి, కాఫీ కప్పుతో వెళ్ళిపోయాడు. పాపం, మాట రానంత సంతోషం!

ఇంటికెళ్ళగానే మా ఆవిడతో, "సుశీలా, రేపు ఆఫీసుకి యాభై లడ్లు కావాలి" అన్నాను.

"గ్రీన్ కార్డు వచ్చిందాండీ?"

"వచ్చినట్టే అనుకో. బాస్ గారి జట్టు పాసైంది!"

మర్నాడు టేబుల్ టేబుల్‌కీ పంచాను. మా అమెరికన్లు ఫుట్‌బాల్‌లో నాకంటే ఘనులేం కారు. ఒక్కొక్కరే లడ్డు నములుతూ హారిస్ గదిలోకెళ్ళి చెయ్యి కలిపొచ్చారు. టైపిస్టు ఆయన తలుపుకి బెలూన్ కూడా కట్టింది. పదకొండింటికి ఆ తలుపు తెరుచుకుంది.

"రావ్! లోపలికి రా."

కాగితం మీద ఒకదాని కింద ఒకటి నాలుగు గళ్ళు గీశాడు. "పైన ఉన్నది ఫస్ట్."

"ఫస్ట్ పైనా సర్?"

"అట్టడుగున ఫోర్త్."

"మరి... ఫిఫ్త్?"

"లీగ్‌లోంచే గెంటేసినట్టు." గొంతు తగ్గించాడు. "మా అన్నయ్య ఫోన్లో ఏడ్చాడు రావ్. నువ్వేమో బెలూన్ కట్టించావు."

సిగ్గుతో చచ్చిపోయాను. గ్రీన్ కార్డు సరే, ఆయన ముఖం చూడలేకపోయాను.

"క్షమించండి సర్. మా దగ్గర మూడో క్లాసు పిల్లాడు నాలుగుకి వెళ్తే, వాళ్ళమ్మ వీధంతా స్వీట్లు పంచుతుంది."

ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. నవ్వే! నా చేతిలో డబ్బాలోంచి ఒక లడ్డు తీసి నోట్లో వేసుకుని, డ్రాయర్ లాగి, నా కాగితాలన్నిటి మీదా సంతకాలు పెట్టేశాడు.

"అన్నట్టు, నిన్ను గ్రేడ్ త్రీ నుంచి గ్రేడ్ ఫోర్‌కి మారుస్తున్నాను."

"పైకా సర్, కిందికా?"

"ఇంకో లడ్డు ఇటివ్వు, ఆలోచిస్తాను."

ఆ డబ్బా మీద చెయ్యేసి అక్కడే ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఇక ఎవరు ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్ళినా సరే, అది పైకో కిందికో రాతపూర్వకంగా తేలేదాకా మా పొయ్యి మీద బూంది మూకుడు ఎక్కదు.