కుక్కర్ కూతకు కాలు మార్చే యోగా: జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా

నా ఎడమ చెవిలో ఒక కీచురాయి ఉంది. రెండేళ్ల కింద వచ్చిన జ్వరం తగ్గిపోయింది గానీ, చెవిలో ఆ మోత మాత్రం ఉండిపోయింది. చుట్టూ ఆగకుండా ఏదో ఒక చప్పుడు ఉన్నంతసేపు అది దాక్కుంటుంది, నిశ్శబ్దం కాగానే అరవడం మొదలుపెడుతుంది. అందుకే జగిత్యాలలో పొద్దున ఐదున్నర యోగా తరగతికి వెళ్లినప్పుడు ఆ చెవిలో ఒక ఇయర్‌ఫోన్ పెట్టుకుని, సన్నగా వేణువు వింటూ ఆసనాలు వేసేదాన్ని. ఆరు నెలలకు మా సారు కనిపెట్టారు. చెవి సంగతి చెప్పినా వినలేదు. "పాట పెట్టుకుని చేస్తే అది కసరత్తు అమ్మా, యోగా కాదు" అన్నారు. అప్పుడు ఆయన తల మీద పాత ఫ్యాను టకటకమంటూ తిరుగుతోంది. చలికాలంలో కూడా అది తిరగనిదే ఆయన తరగతి మొదలుపెట్టరు. ఆ టకటకల సందుల్లోంచి నా కీచురాయి మాత్రం వినిపిస్తూనే ఉంటుంది.

అదే సారు గురువారం నాడు నన్ను పిలిచి, సోమవారం నుంచి ఆడవాళ్ల బ్యాచ్ నువ్వే చూసుకో అన్నారు. హాలులో పాట ఉండకూడదు, అదొక్కటే షరతు. ఆదివారం లోపల ఏ సంగతీ తేల్చి చెప్పమన్నారు. జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పడం నా ఉద్యోగం. ఇలా ఆడవాళ్లకు ఆసనాలు నేర్పడం మాత్రం నలభై ఆరేళ్లకు నాకై నేను కోరుకున్న పని. ఒప్పుకుంటే గంటసేపు కీచురాయితో కూర్చోవాలి, కాదంటే పని పోతుంది. వీటికంటే కష్టమైంది ఇంకో అనుమానం. ఆయన చెప్పిందే నిజమై, ఇన్నాళ్లు నేను చేసింది యోగా కాకపోతే?

నా పక్క చాప షహనాజ్‌ది. వాళ్ల పుట్టిల్లు కోరుట్ల. వాళ్ల వాడకట్టులో బీడీలు చేసే ఆడవాళ్లు రోజూ పాట పెట్టుకునే యోగా చేస్తారని చెప్పింది. రెండో శనివారం సెలవు కలిసొచ్చింది. పొద్దున ఐదుంబావుకు ఇద్దరం జగిత్యాల బస్టాండులో పల్లెవెలుగు ఎక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. ఆరింటికి కోరుట్లలో దిగి, మనిషికి ఇరవై ఇచ్చి ఆటోలో వాడకట్టుకు చేరాం.

రాజవ్వ ఇంటి ముందు ఆరుగురు గోనెసంచులు పరుచుకుని నిలబడి ఉన్నారు. రాజవ్వకు అరవై దగ్గర పడ్డాయి. బీడీల చాట ఒళ్లో పెట్టుకుని నలభై ఏళ్లు వంగిన మెడ అది. కిటికీలో చిన్న స్పీకరు, అందులోంచి ఒక ముసలి గొంతు నాట్లేసేటప్పటి పాట పాడుతోంది. పాట మధ్యలో కుక్కర్ కూత వినిపించింది. ఆరుగురూ ఒక్కసారిగా కుడికాలు దించి ఎడమకాలు ఎత్తారు. వాళ్లను చూసి కాలెత్తిన నేను మాత్రం ఎడమకాలు మీదే ఉండిపోయాను.

అయ్యాక చాయ్ తాగుతూ అడిగితే సంగతి చెప్పారు. మొదట ఫోన్లో వచ్చే పాటలే పెట్టుకునేవాళ్లట. "శవాసనం వేసి సల్లగ పండుకున్నం బిడ్డ. నడిమిట్ల సిమెంటు అడ్వటైజు అచ్చింది. గా ఒర్రుడుకు గుండె ఆగినంత పనైంది" అంది రాజవ్వ. అప్పుడు షహనాజ్ వాళ్ల అమ్మ ఒక పూట రాజవ్వతోనే పాడించి ఫోన్లో ఎక్కించింది. పొయ్యి మీద పప్పు ఉందని ఎవరికీ గుర్తులేదు. అలా ఆ కూత పాటలో చేరిపోయింది, ఇప్పుడు కాలు మార్చడానికి అదే గుర్తు.

మా సారు మాట చెప్పాను. రాజవ్వ నవ్వలేదు. "సప్పుడు లేకుంటె మా ఇండ్లల్ల ఏమైందోనని భయమైతది. భయంల యోగా ఎట్ల చేస్తం?" అంది. షహనాజ్ ఆ పాట నా ఫోనుకు పంపి, తను పుట్టింట్లో ఆగిపోయింది.

నేను సిరిసిల్ల దాకా వెళ్లాలి. తొమ్మిదింబావుకు కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి మీదుగా వేములవాడ బస్సు దొరికింది. ఈ దారిలో బస్సులు తక్కువ, తప్పితే చాలాసేపు ఆగాలి. కండక్టరు నా చంకలోని చాప చూసి, వేములవాడ గుడికి మొక్కు తీర్చుకోవడానికి పోతున్నాననుకుని, "గుళ్ల నిద్ర చేస్తవా అక్కా?" అని అడిగాడు. యోగా కోసమని చెప్పాను. "యోగాకు గింత దూరమా? మా ఇంటామె మంచం దిగుడే యోగా అంటది" అన్నాడు. రుద్రంగిలో ఆగినప్పుడు పది రూపాయల మిర్చి బజ్జీలు తిన్నాను. ఆసనాల ముందు తినకూడదని నేనే అందరికీ చెబుతుంటాను. వేములవాడలో భక్తుల రద్దీలో బస్సు మారి, పన్నెండు దాటాక సిరిసిల్ల చేరాను.

అక్కడ మా పెద్దమ్మ కూతురు సరళక్క ఉంటుంది. నాకు మొట్టమొదట సూర్యనమస్కారం నేర్పింది ఆమే. పదేళ్లుగా రోజూ సాయంత్రం నాలుగింటికి ఏ పాటా లేకుండా చేస్తుంది. సారు మాటను కొట్టేయగలనేమో గానీ, అక్క మాటను కొట్టేయలేను. అందుకే ఇంత దూరం వచ్చాను. విషయం మొత్తం విని, "మీ సారు చెప్పిందే కరెక్టు" అంది. "పాట వెట్టుకుంటె మనసు పాట మీదికి పోతది. నేను చూడు, ఏం లేకుంటనే చేస్త."

ఆ మాట నాకు వినిపించాలని ఆమె అరిచి చెప్పింది. గోడ అవతలే బావ నడిపే ఎనిమిది సాంచాలు ఆడుతున్నాయి. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. ఆ దెబ్బలకు నా కాళ్ల కింద గచ్చు అదురుతోంది. అంత చప్పుడు గురించి ఏమీ అనవేమని అడిగాను. "గిది సప్పుడా? గిది ఎప్పటికి ఉండేదే కదనే" అంది.

నాలుగింటికి ఇద్దరం వృక్షాసనంలో నిలబడ్డాం. అక్క కంబంలా నిలిచింది. కాసేపటికి కరెంటు పోయింది. వీధంతా సాంచాలు ఒక్కసారి ఆగిపోయాయి. నా చెవిలో కీచురాయి లేచింది. కళ్లు తెరిచి చూస్తే అక్క కాలు నేల మీద ఉంది. మళ్లీ ఎత్తింది, పడింది. మూడోసారి గోడ పట్టుకుంది.

"చెల్లె," అంది, చెవి మీద చెయ్యి పెట్టుకుని, "గుయ్యిమని ఏందో అంటున్నది. నీకినవడ్తందా?"

నాకూ అదేనని చెప్పాను. ఎప్పటి నుంచో ఆమెకు తెలియదు. సాంచాలు ఎప్పుడూ ఆడుతూనే ఉంటాయి కదా. ఫోన్ కిటికీలో పెట్టి రాజవ్వ పాట పెట్టాను. ఇద్దరం మళ్లీ నిలబడ్డాం. ఈసారి అక్క కాలు పడలేదు. కూత రాగానే నేను కాలు మార్చాను, అక్క వంటింటి వైపు పరిగెత్తింది. పొయ్యి మీద ఏమీ లేదని చూసి వచ్చి, గచ్చు మీద కూర్చుని చాలాసేపు నవ్వింది. బయల్దేరేటప్పుడు పాట పంపమంది. "మీ సారుకు మాత్రం నా పేరు చెప్పకు" అంది.

ఆరింటికి వేములవాడ బస్టాండులో జగిత్యాల బస్సు కోసం నిలబడి సారుకు రాశాను: బ్యాచ్ తీసుకుంటాను, చిన్న స్పీకరు తెచ్చుకుంటాను, హాలు కుదరదంటే జగిత్యాలలోనే షహనాజ్ వాళ్ల ఇంటి డాబా ఉంది. బస్సు కదిలేలోపు జవాబు వచ్చింది. "ఇంకోసారి ఆలోచించుకో అమ్మా." ఆలోచించే రాశానని చెప్పాను.

హాలు దొరకలేదు. మూడు వారాలుగా డాబా మీదే చేస్తున్నాం. బ్యాచ్‌లో పద్నాలుగు మంది ఉంటే నాతో వచ్చింది ఐదుగురే. మిగతావాళ్లను తప్పుపట్టను. నిశ్శబ్దంలో కుదురుకునే మనసులు ఉంటాయి, నాకు దొరకనిది వాళ్లకు అక్కడ దొరుకుతుందేమో. ఇది సరైన దారేనా అని నాకు ఇప్పటికీ వారానికి రెండుసార్లు అనుమానం వస్తుంది. కానీ అనుమానం వచ్చినంత మాత్రాన స్పీకరు ఆపాల్సిన అవసరం లేదని కోరుట్లలో, సిరిసిల్లలో చూసి వచ్చాను. సారు మళ్లీ ఎదురైతే వాదించను. ఒక్క పొద్దున ఆ ఫ్యాను ఆపి కూర్చోమని అడుగుతాను.

ఈ దారిలో వెళ్లాలనుకునే వాళ్లకు ఒక్క సలహా. నెట్ మీద ఆధారపడకుండా, మీకు నచ్చిన గొంతును ముందే ఫోన్లో రికార్డు చేసుకుని తీసుకెళ్లండి. రికార్డు చేసేటప్పుడు పొయ్యి మీద కుక్కర్ ఉంటే దించకండి.