బురుజు రాళ్ళు కడిగిన పోశన్న

పోశన్న పుట్టు పిరికివాడు. కోరుట్ల దగ్గరి పల్లెలో ఇరవై ఏళ్ళు తాపీ పట్టి గోడలు కట్టాడు, ఒక్కటీ కూలలేదు. అయినా వాన పడితే చాలు, ఏ గోడ కూలిందని కబురొస్తుందోనని చెవులు రిక్కించి కూర్చునేవాడు. అలాంటివాడు గల్ఫ్‌కు పోయి, కంపెనీ మూతపడితే నాలుగు నెలలకే తిరిగొచ్చాడు. ఊరంతా నవ్వింది. భార్య ముత్తెమ్మ మాత్రం నవ్వలేదు. అదే అతనికి ఎక్కువ గుచ్చుకుంది.

2004లో రెండోసారి బయలుదేరి బహ్రెయిన్ చేరాడు. సముద్రపు ఒడ్డున ఒక పాత కోట గోడ, దాని పొడవునా కావలి బురుజులు. శత్రువుల పడవలు వస్తున్నాయేమోనని ఏ కాలంలోనో వాటిమీద మనుషులు కూర్చుని చూస్తూ ఉండేవారట. ఆ మాట వినగానే పోశన్నకు ఆ కావలివాళ్ళ మీద జాలేసింది. పాపం, వాళ్ళకూ నిద్ర పట్టి ఉండదు.

ఒరిగిన బురుజు పైవరసలు విప్పి, ఏ రాయిని దాని చోటే మళ్ళీ పెట్టాలి. అదీ పోశన్న పని. ముప్పై ఆరు రాళ్ళనూ పోశన్నే రెండు రోజులపాటు చేతులతో దించాడు. ఇంజినీరు నాదియా, అక్కడి అమ్మాయే, దించిన వరుసలోనే ఒక్కో రాయి మీదా సుద్దతో అంకె వేసింది.

కట్టే రోజు పొద్దున్నే పోశన్న నీళ్ళ పైపు పట్టాడు. తడపని రాయికి సున్నం పట్టదు. ఈ సంగతి ఏ తాపీవాడికైనా ఉగ్గుపాలతో వచ్చిన విద్య. బ్రష్షుతో రుద్ది రుద్ది రాళ్ళన్నీ తళతళలాడేలా కడిగాడు. కడిగి, సంతోషంగా నడుం నిటారు చేసి చూశాడు.

తోటి కూలీ భూమేష్ పరుగెత్తుకొచ్చాడు. "ఏం జేసినవే పోశన్నా! లంబర్లేవి?"

పోశన్న గుండెల్లో రాయి పడింది. పదకొండు గంటలకు నాదియా వస్తుంది. చూస్తుంది. వీసా ఇచ్చిన యజమాని కఫీల్‌కు ఫోన్ చేస్తుంది. ఖలాస్! మళ్ళీ అదే ఊరు, అదే ముత్తెమ్మ, అదే మౌనం.

"మల్ల రాసెయ్యి. ఎవలు జూసిండ్రు?" అన్నాడు భూమేష్.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే ఉంది గానీ, వేరే దారి కనపడలేదు. సుద్దముక్క తీసుకున్నాడు. ఒక్కో రాయినీ ఎత్తి చూశాడు. బరువును బట్టి ఇది నాలుగోది, విరిగిన అంచును బట్టి ఇది పంతొమ్మిదోది. కళ్ళకంటే చేతులకే ఎక్కువ గుర్తుంది. ముప్పై ఆరూ రాసేసరికి చొక్కా తడిసి ముద్దయింది.

నాదియా వచ్చింది. మొదటి రాయి దగ్గరే ఆగిపోయింది. తను వేసినవి అరబ్బీ అంకెలు. ఇక్కడున్నవి పోశన్న బడిలో నేర్చుకున్న ఒకటి, రెండు, మూడు! భూమేష్ మెల్లగా సున్నం బస్తాల వెనక్కి తప్పుకున్నాడు. అంత మంచి సలహా ఇచ్చిన పెద్దమనిషి మరి.

"ఎవరు రాశారు?" అని హిందీలో అడిగింది నాదియా.

పోశన్న చెయ్యెత్తాడు. వచ్చీరాని హిందీలో అంతా కక్కేశాడు. కడిగింది తనే, రాసింది తనే, ఇంటికి మాత్రం పంపొద్దని చేతులు జోడించాడు.

ఆమె సంచిలోంచి, అంకెలు వేసిన రోజు తీసిన ఫొటోలు బయటికి తీసి ఒక్కో రాయితో పోల్చడం మొదలుపెట్టింది. ఆ అరగంటా పోశన్న ఊపిరి సగమే పీల్చాడు. ముప్పై నాలుగు సరిగ్గా ఉన్నాయి. రెండు తారుమారయ్యాయి. ఆ రెండింటినీ వేలితో చూపించి, సుద్ద అతని చేతికే ఇచ్చి దిద్దమంది.

"పొద్దున్నే చెప్పి ఉంటే ఈ ఫొటోలు అప్పుడే ఇచ్చేదాన్ని. ఎందుకు భయపడ్డావు?"

పోశన్న ఇరవై ఏళ్ళలో తప్పు చేశానని ఎవరితోనూ చెప్పుకోలేదు. చెబితే ఏమవుతుందో అతనికి తెలియనే తెలియదు. రాయి మీద కూలబడి, సిగ్గు విడిచి వెక్కివెక్కి ఏడ్చాడు.

నాదియా ఫోర్‌మన్‌ను పిలిచి, ఆఖరి బురుజు పూర్తయ్యేదాకా ఈ మనిషిని వేరే సైటుకు పంపొద్దని చెప్పింది.

ఆ తర్వాత పోశన్న ప్రతి పొద్దునా, పైపు విప్పేముందు, ఆమె దగ్గరికి పోయి ఏ రాళ్ళు కడగొచ్చో అడిగేవాడు. అడగాలన్నా భయమే. అయినా పోయి అడిగేవాడు.