మెరుగు పెట్టిన బిళ్ల

మా ఆయన సైన్యంలో పతకం తెచ్చుకున్న మనిషి. మంచు కొండల్లో గాయపడ్డ సహచరుణ్ణి వీపున వేసుకుని కాల్పుల మధ్యనుంచి మోసుకొచ్చాడట. అదే మనిషిని మదనపల్లె మార్కెట్ నుంచి కాసిని టమాటాలు పట్టుకురమ్మంటే నడుము నొప్పి అంటాడు. సర్వీసు అయిపోయాక కొన్నాళ్లు బ్యాంకు గేటు దగ్గర తుపాకీతో నిలబడ్డాడు. అదీ మానేశాక ఆయన అజమాయిషీకి మిగిలిన సైన్యం నేనొక్కదాన్నే. తెల్లారకముందే తన దుప్పటి మడతపెట్టేసి, నా దుప్పటి కోసం మంచం పక్కన కాచుకుని ఉంటాడు.

నేను ఆయనకు మూడో భార్యను. మొదటావిడది పుంగనూరు. ఈయన సరిహద్దులో ఉండగానే జ్వరమొచ్చి పోయింది. మా వైపు భార్య పోయిన మనిషిని చేసుకుంటే, పోయినావిడ పేరున చిన్న వెండి బిళ్ల చేయించి తాళి పక్కన గుచ్చుకోవాలి. దాని మీద ఆడమనిషి బొమ్మ ఒత్తి ఉంటుంది. ఆ బిళ్ల వేసుకున్నదాన్ని పోయినావిడ పుట్టింటివాళ్లు తమ కూతురిలాగే చూసుకుంటారు. రెండో భార్య, కుప్పం ఆమె, ఆ బిళ్ల వేసుకోనంది. పైగా ఈయన నోరు తెరిస్తే, "మా మొదటామె ఒక్కనాడూ నాకు ఎదురు మాట్లాడలేదు" అనేవాడు. ఆ దేవతతో నేను పోటీ పడలేనని చెప్పేసి ఆమె కుప్పం వెళ్లిపోయింది. ఇద్దరూ పద్ధతిగానే విడిపోయారు. ఇప్పుడు అక్కడ టైలరింగ్ షాపు పెట్టుకుని హాయిగా ఉంది.

నాకు ఆ ధైర్యం లేదు. నిమ్మనపల్లెలో మా అమ్మానాన్నలు పోయాక నాకంటూ వెళ్లడానికి ఇల్లు లేకపోయింది. బడిపిల్లలకు పాఠాలు చెబుతూ పెళ్లి మాటే మరిచిన వయసులో ఈ సంబంధం వచ్చింది. మనిషికన్నా ముందు, పండక్కి రమ్మని పిలిచే పుంగనూరు ఇల్లు నచ్చింది నాకు. అందుకే బిళ్ల వేసుకున్నాను, దేవతలాగా నోరు మూసుకున్నాను కూడా. బడిలో అరవై మందిని గదమాయించే గొంతు ఇంట్లో పిల్లి కూన గొంతయిపోయింది.

పుంగనూరులో ఆయన చదివిన బడివాళ్లు జనవరి జెండా పండక్కి ఏటా పిలుస్తారు. అది కాగానే భోజనం ఆయన మొదటి అత్తగారింట్లో. నేను వెళ్లగానే ఆ పెద్దావిడ బిళ్లను చేతిలోకి తీసుకుని కళ్లకద్దుకుంటుంది. ఆ తరవాతే నన్ను పలకరిస్తుంది. అప్పుడైనా "ఏమ్మా మదనపల్లె, బాగుండావా?" అంటుందే తప్ప మరో పిలుపు లేదు.

పోయిన జనవరిలో పండగ ముందురోజు ఆయన ఎప్పటిలాగే వరండాలో చాప పరిచి, పతకం, బెల్టు బకిలు, బూట్లు వరసగా పెట్టుకుని మెరుగు పెట్టడం మొదలుపెట్టాడు. నా బిళ్ల కొక్కెం వదులైందని తీసి పక్కన పళ్లెంలో పెట్టి వంటింట్లోకి వెళ్లాను. ఆయన దృష్టిలో నల్లబడిన వస్తువు శత్రువుతో సమానం. మెరుగు మందుతో రుద్దాడు. నలుపు పోలేదు. గరుకు కాగితం తెచ్చి రుద్దాడు. నేను వచ్చేసరికి బిళ్ల అద్దంలా తళతళలాడుతోంది. మీద బొమ్మ మాత్రం లేదు.

"చూడు, ఎట్ల మెరస్తాండాదో!" అన్నాడు గర్వంగా. కాసేపటికి ఏం చేశాడో అర్థమై ముఖం పాలిపోయింది. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఒక్క మాట అనలేదు. బిళ్ల వేసుకోనన్నామెకే ఆ ఇంట్లో చోటు లేకపోయింది, పాడుచేసుకున్నదాన్ని ఎవరు రానిస్తారు అనుకున్నాను. మర్నాడు పుంగనూరు బస్సులో ఆయన దారి పొడవునా చెప్పాల్సింది వల్లె వేసుకుంటూనే ఉన్నాడు. తూటాలకు జంకని మనిషి, బడిలో జెండా ఎగరేశాక, అత్తగారి వాకిట్లో అడుగు పెట్టడానికి నన్ను ముందు నిలబెట్టాడు.

పెద్దావిడ బిళ్ల పట్టుకుని బొటనవేలితో తడిమింది. మళ్లీ తడిమింది.

"ఇదేంది, నున్నగా ఉండాదే?"

"నేనే అత్తా, రుద్దినాను" అన్నాడు ఆయన. వల్లె వేసినదంతా ఎటు పోయిందో.

ఆమె ఉన్నట్టుండి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఇంగా మానలేదా నువ్వు? నా బిడ్డికి పెండ్లిలో ఇచ్చిన కుంకం బరిణె మింద చిలకలుండె. సెలవుకొచ్చి రుద్దితివి, చిలకలు ఎగిరిపాయె. అది నిన్ను ఈ వాకిట్లోనే నిలబెట్టి ఎన్ని తిట్లు తిట్టెనప్పా! వీధంతా ఇనె."

నేను ఆయన వైపు తిరిగాను. ఒక్కనాడూ ఎదురు మాట్లాడని దేవత! ఆయన వసారా పైకప్పు వాసాలను పరిశీలిస్తున్నాడు. కుప్పం ఆమెకు ఈ సంగతి తెలిసుంటే నాకు ఈ ఇల్లు దొరికేదే కాదు.

"మరి నువ్వేమంటివి?" పెద్దావిడ నన్ను అడిగింది.

"ఏమీ అనలేదమ్మా."

"యాల?"

"ఈ ఇంటికి రానీరేమోనని భయమేసింది." అనేశాక కళ్లలో నీళ్లు ఆగలేదు.

ఆమె నవ్వు ఆపేసింది. నా చేయి పట్టుకుని తన పక్కన అరుగు మీద కూర్చోబెట్టుకుంది. ఆ నున్నటి బిళ్లను కళ్లకద్దుకుని మళ్లీ నా మెడలోకి జార్చింది.

"అది పొయినప్పట్నుంచి వీణ్ణి తిట్టేవాళ్లు లేరు. అందుకే ఇట్లయినాడు. తిట్టు పాపా. నేను ఇనాల."

మా అమ్మ పోయాక నన్నెవరూ పాపా అని పిలవలేదు. ముక్కు చీదుకుని, కొంగు నడుముకు దోపి, బడిలో గదమాయించే గొంతు బయటికి తీశాను. ఛాతీ మీద పతకంతో ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. ఎదురింటివాళ్లు గుమ్మంలోకి వచ్చారు. పెద్దావిడ మధ్యమధ్యలో, "ఆ చిలకల సంగతి గూడా అడుగు" అని గుర్తుచేస్తూనే ఉంది.