బుల్లి కడుపులో చప్పుడు

పోయిన వారం మా అత్త కన్నుమూసింది. అందరూ ఏడుస్తుంటే కోడలి కంట చుక్క నీరు రాలేదని చుట్టాలు చెవులు కొరుక్కున్నారట. కొరుక్కోనివ్వండి.

డెబ్బైలలో నేను సబ్బవరం నుంచి విశాఖ పాతూరులోని ఆ ఇంటికి కాపురానికి వచ్చాను. మా మామ జట్కా తోలేవాడు. బండి ఆయనదే గానీ, గుర్రం మాత్రం అత్తది. దాని పేరు బుల్లి. పొద్దున్నే దాని కాలెత్తి, డెక్క సందులో మట్టి గీకి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. కుళ్లు వాసన వస్తే ఆ రోజు బండి కట్టనిచ్చేది కాదు. పోర్టులో దిగే ఇనుపరాతి ఎర్రదుమ్ము చెమటతో కలిసి తోలుపట్టా కింద ఒళ్లు పొక్కితే, కడిగి ఆరబెట్టి వేపనూనె రాసేది. తన తలకు నూనె పెట్టుకోవడం మాత్రం ఆవిడకు ఎప్పుడూ గుర్తుండేది కాదు.

ఒకసారి మామ పెళ్లివారిని దింపడానికి వెళితే, వాళ్లు ఆవుకు పెట్టినట్టే ప్రేమగా మిగిలిన అన్నం, పప్పు గంపతో బుల్లి ముందు పెట్టారు. మర్నాడు అది మేత ముట్టలేదు. నేల గీరుతోంది, మాటిమాటికీ డొక్క వైపు చూసుకుంటోంది, ఒళ్లంతా చెమట. ఆవులూ గేదెలూ ఉన్న ఇంట్లో పుట్టినదాన్ని కదా, నేను ధైర్యం చెప్పబోయాను.

"నెమరేస్తే సర్దుకుంటాది లే అత్తా."

"గుర్రం నెమరెయ్యదే అమ్మీ. కక్కను కూడా కక్కలేదు" అంది అత్త.

పశువుల డాక్టరు వచ్చి ముక్కులోంచి గొట్టం వేసి నూనె పట్టించాడు. పేగు మెలిపడకపోతే బతుకుతుందని, కింద పడి పొర్లనివ్వొద్దని చెప్పి వెళ్లాడు. మామ గుమ్మంలో కూలబడ్డాడు.

"ఇదెల్లిపోతే మన బతుకేటే?"

ఇంకో గుర్రాన్ని కొనే స్తోమత మాకు లేదు. అత్త పగ్గం పట్టుకుని బుల్లిని వీధిలోకి నడిపించింది. ఆవిడ అలిసిపోతే నేను, నేను అలిసిపోతే ఆవిడ. బుల్లి ముందుకాళ్లు మడవబోయినప్పుడల్లా అత్త వెనక నుంచి అరిచేది. "తొంగోనీకే! పగ్గం ఒగ్గీకు!"

పేగు కదులుతున్న చప్పుడు వస్తుందేమోనని వీధి చివర ఆగి బుల్లి కడుపుకు చెవి ఆనించేది. లోపల ఏ చప్పుడూ లేదు. నాకు దుఃఖం ఆగలేదు. రాయిలా నిలబడ్డ ఆవిడను చూస్తే కోపం కూడా వచ్చింది.

"నీకు ఏడుపు రాదేటి అత్తా?"

"ఏడిత్తే ఇనబడదే" అంది, చెవి తీయకుండానే.

ఎండ కొండ వైపు వాలుతుండగా నా తల పట్టి బుల్లి డొక్కకు నొక్కింది. "ఇను." ముందు నా ఏడుపే నాకు వినపడింది. ఊపిరి బిగబట్టాను. ఎక్కడో లోపల, సన్నగా, గుడగుడ. కాసేపటికి బుల్లి తోకెత్తి లద్దె వేసింది. అత్త వేడివేడి లద్దెను రెండు చేతులతో ఎత్తి మామకు చూపించింది. "సూడు, ఎంత బాగుందో!" అంటూనే అక్కడే కూర్చుని భోరుమంది. చేతులు ఖాళీ లేక మోచేత్తోనే కళ్లు తుడుచుకుంది.

పోయిన వారం ఆసుపత్రిలో డాక్టరు తల అడ్డంగా ఊపి వెళ్లగానే అందరూ గొల్లుమన్నారు. నేను వాళ్లను కాసేపు ఊరుకోమని, అత్త గుండె మీద చెవి ఆనించాను.

ఏడిస్తే వినపడదు కదా.