తీరం లేని రేవు

గూడూరు ఆఫీసులో నేను డ్రాయింగులు వేసేదాన్ని. మా ఇంజనీరు నేల కొలతలుండే సర్వే ఫైలును తన ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని నా డ్రాయింగుకు లింకు ఇచ్చేవాడు. ఆయన ఫోల్డరు పేరు మార్చినప్పుడల్లా లింకు తెగి నా డ్రాయింగులో నేలంతా మాయమయ్యేది. సర్వేను డ్రాయింగులోనే కలిపేద్దామని చెబితే, "నీకు తెలీదులేమ్మా" అనేవాడు.

ఒకరోజు పడవల రేవు ప్లాను చూడడానికి సముద్రపు పల్లె పెద్దలు వచ్చారు. తెర మీద రేవు ఒక్కటే గాల్లో వేలాడుతోంది.

"మా ఊరేది సార్? సముద్రమేది?" అని ఒక పెద్దాయన నెమ్మదిగా అడిగాడు.

"సాఫ్ట్‌వేర్ తప్పు" అన్నాడు ఇంజనీరు. ఆ పొద్దున కూడా పేరు మార్చింది ఆయనే.

సర్వేను డ్రాయింగులోనే కలిపేసి దాచుకున్న నా కాపీ తెరిచాను. ఊరు, సముద్రం, పడవలు కట్టే చోటు కనిపించాయి.

"ఇట్టా జరగద్దనే ముందే కలపమన్నా" అన్నాడు ఇంజనీరు వాళ్ళతో.

అంత సిగ్గులేనితనం మీద కోపం కూడా దండగనిపించింది.