గేటుకి ఎర్రజెండా, లోపల పగటినిద్ర

మా ఖరగ్‌పూర్‌లో మగవాడి లివరు చెడిందంటే కారణం ఎవరూ అడగరు. అడగక్కర్లేదని అందరి ఉద్దేశం. మా ఇంట్లో అయితే దానికి పాత ఆధారం కూడా ఉంది. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. పగలంతా ఇంజన్లు బాగుచేసి, సాయంత్రం గోల్‌బజార్ వెనక సందులో కూర్చుని తన లివరు పాడుచేసుకునేవాడు. రిటైరయ్యే వయసు రాకుండానే పోయాడు. ఆయన పోయినందుకు రైల్వే నాకు ఉద్యోగం ఇచ్చింది. చేరే రోజు పొద్దున్న అమ్మ నా చెయ్యి తన తలమీద పెట్టుకుని చుక్క ముట్టనని ఒట్టేయించుకుంది. ముట్టలేదు. ఇందులో నా గొప్పేమీ లేదు. ఆ వాసన తగిలితే నేను సందు మారిపోతాను.

పాయింట్స్‌మన్‌గా మొదలుపెట్టి, పరీక్షలు రాసి గూడ్సు గార్డునయ్యాను. ఈమధ్య ఆ ఉద్యోగం పేరు ట్రైన్ మేనేజరని మార్చారు. నిద్ర మాత్రం పాత పేరుతోనే నడుస్తోంది. గూడ్సు బండికి వేళంటూ ఉండదు. పిలిచినప్పుడు వెళ్ళాలి, వదిలినప్పుడు రావాలి. వదలడం ఎక్కువగా తెల్లారాకే జరుగుతుంది. కాబట్టి ఊరంతా పనికి వెళ్ళే వేళకి నేను పడుకుంటాను.

నా పగటినిద్ర విషయంలో మా అమ్మది పెద్ద ఏర్పాటు. గార్డుకి చేతిజెండాలు ఇస్తారు, ఎర్రదొకటి, పచ్చదొకటి. వెలిసిపోయిన పాత ఎర్రజెండా ఒకటి ఇంట్లో ఉండిపోతే, అమ్మ దాని అంచులు కుట్టి క్వార్టరు గేటుకి కట్టడం మొదలుపెట్టింది. జెండా ఉందంటే లోపల మనిషి పడుకున్నాడని అర్థం. చేపలమ్మే మనిషి మా గేటు దగ్గర గొంతు తగ్గించేది. గ్యాస్ బండవాడు సిలిండరు దొర్లించకుండా ఎత్తుకొచ్చేవాడు. పిల్లలు బంతాటకి పక్క లైన్లోకి పోయేవారు. ఎదురు క్వార్టరులోకి కొత్తగా వచ్చిన బెంగాలీ దాదా మాత్రం ఆ జెండా చూసి మాది ఏ పార్టీయో గ్రహించి కొన్నాళ్ళు మాతో మాట్లాడలేదు. తర్వాత నిజం తెలిసి, తనకీ ఒక జెండా ఇప్పించగలనా అని అడిగాడు.

ఇంత కట్టుదిట్టంగా కాపలా కాసిన నిద్రని మధ్యాహ్నం అయ్యేసరికి అమ్మే వచ్చి చెడగొట్టేది. నా పాదం మీద తట్టి, రెండు ముద్దలు తిని మళ్ళీ పడుకోమనేది. ఆ రెండు ముద్దలు కంచం అంచు దాకా ఉండేవి. పప్పు, చేపల పులుసు, ఒక్కోసారి మా ఆవిడ ఇక్కడివాళ్ళ దగ్గర నేర్చుకున్న ఆలూపోస్తో, అంటే గసగసాల ముద్ద వేసిన బంగాళాదుంప కూర. తిని మళ్ళీ వాలిపోయేవాణ్ణి. డ్యూటీ దిగి వచ్చినప్పుడు పడుకునేముందు తిన్న అన్నం దీనికి అదనం. సాయంత్రం లేచాక టీతో సింగాడాలు, అంటే ఇక్కడి సమోసాలు, ఉండనే ఉన్నాయి. పెద్ద కూతురి పెళ్ళికి కుట్టించుకున్న చొక్కాలు బొత్తాలు పట్టకుండా పోయినా, ఇంట్లో ఎవరికీ ఇందులో తప్పు కనిపించలేదు. నాకూ కనిపించలేదు.

రైల్వే మెడికల్‌లో కనిపించింది. స్కానింగు కాగితం చూసి డాక్టరమ్మ ఫ్యాటీ లివరన్నారు. బెంగాలీ ఆవిడ, మాట కటువు. తాగుతారా అన్నారు. లేదన్నాను. కాగితం మీద ఏదో రాసి, తల ఎత్తకుండానే మళ్ళీ అడిగారు. మళ్ళీ లేదన్నాను. అప్పుడు నన్ను ఎవరూ ఎప్పుడూ అడగని ప్రశ్న అడిగారు, ఎలా నిద్రపోతారని. పడుకుని అన్నాను. ఆవిడ నవ్వలేదు.

చివరికి నా రోజంతా విప్పి చెప్పించుకున్నారు. లివరు కూడా టైంటేబులు ప్రకారం పనిచేస్తుందట. మనిషి ఒక వరసన నిద్రపోతే తన పని తను చేసుకుంటుందట. నేను దాన్ని పని మధ్యలో లేపి అన్నం దింపుతున్నానట. నిద్రొక్కటే కారణమని ఆవిడ అనలేదు. నా పొట్ట, నా కూర్చునే ఉద్యోగం, నా నడవని కాళ్ళు, అన్నిటినీ కలిపారు. మందులకంటే ముందు ఈ అలవాట్లు మారాలన్నారు. డ్యూటీ దిగి వచ్చాక కొంచెమే తినాలి, గది చీకటి చేసుకుని ఒకే విడత పడుకోవాలి, మధ్యలో లేవకూడదు, సాయంత్రం నడవాలి, సెలవురోజు అందరిలాగా రాత్రే పడుకోవాలి. కొన్ని నెలల తర్వాత మళ్ళీ రమ్మన్నారు. బుద్ధిగా తలూపి వచ్చేశాను.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెబుతుంటే అమ్మ వంటింట్లో ఉంది. నేను చెప్పినదాంట్లో అమ్మ చెవిన పడింది ఒకటే మాట, లివరు. గరిటె చప్పుడు ఆగిపోయింది.

మర్నాటి నుంచి నేను డ్యూటీ దిగి వచ్చేసరికి గేటు దగ్గర నిలబడి ఉండేది. సంచీ అందుకునే నెపంతో మొహం దగ్గరగా వచ్చి వాసన చూసేది. నీళ్ళ సీసా మూత తీసి దాన్నీ వాసన చూసేది. డ్యూటీ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మేము లాబీలో, అంటే హాజరు వేయించుకునే ఆఫీసులో, మిషన్లోకి ఊదాలని, తాగినవాణ్ణి బండి ఎక్కనివ్వరని, ఇంటికి పంపేస్తారని ఓపిగ్గా చెప్పాను.

"మిసనుకేటి తెలుస్తాదిరా" అంది అమ్మ. "మీ నాన లవంగాలు నమిలీవోడు. నాకే తెలిసీది కాదు."

పక్క క్వార్టరావిడ దగ్గర అమ్మ ఏం చెప్పి ఏడ్చిందో గాని, వారం తిరిగేసరికి లాబీలో ఒక సీనియరు నన్ను పక్కకి పిలిచి, మానడానికి మిడ్నాపూర్‌లో మంచి మందు ఇస్తారని చెప్పి భుజం తట్టాడు. ముట్టని తాగుడుకి ఇంత సానుభూతి దొరుకుతుందని నాకు తెలియదు. కోపం వచ్చింది. ఇన్నేళ్ళు నిలబెట్టుకున్న మాట మీద అమ్మకే నమ్మకం లేకపోతే ఇక నిలబెట్టుకోవడం దేనికి అనిపించింది. బయట అందరూ అనుకుంటే భరించగలను. అమ్మ నాలో నాన్నని చూస్తుంటే భరించలేకపోయాను.

నిజం చెప్పేయమని మా ఆవిడ పోరింది. నిజమంటే ఏమిటి? నీ కొడుకు తాగలేదమ్మా, నువ్వు నిద్రలేపి పెట్టిన అన్నమే లివరు చుట్టూ చేరింది అని చెప్పాలి. అటు వెళితే నేను తాగుబోతుని, ఇటు వస్తే ఆవిడ దోషి. ఏదీ తేల్చుకోలేక నోరు మూసుకున్నాను. ఈలోగా అమ్మ సొంత వైద్యం మొదలుపెట్టింది. లివరు చెడినవాడికి మేక కార్జం, అంటే దాని లివరు, పెట్టాలని ఆవిడ నమ్మకం. గోల్‌బజార్ నుంచి తెప్పించి, కారం దట్టించి వేపుడు చేసి, మధ్యాహ్నం నన్ను లేపి మరీ పెట్టేది. తినేవాణ్ణి.

మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజున తనూ వస్తానని అమ్మ చీర మార్చుకుని కూర్చుంది. వద్దంటే అనుమానం రూఢి అవుతుంది. తీసుకెళ్ళాను. స్కానింగు కాగితంలో ఏ మార్పూ లేదు. డాక్టరమ్మ నన్ను తిట్టేలోపు అమ్మ కుర్చీ ముందుకి లాక్కుని, తన బెంగాలీలో, దీదీ, నా కొడుకు తాగుతాడా, దాచకుండా చెప్పు అంది.

తాగితేనే లివరుకి కొవ్వు పట్టాలని లేదని, ఇతని రక్తపరీక్షలు, రోజువారీ అలవాట్లు చూస్తే తాగుడు కాదనే తను అనుకుంటున్నానని ఆవిడ నిదానంగా చెప్పారు. తర్వాత నా చీటీ చూసుకుని, మధ్యాహ్నం ఇతన్ని లేపేదెవరు అన్నారు.

"ఆమి" అంది అమ్మ. నేనే అని. బడిలో మంచిపని చేసిన పిల్ల చెయ్యెత్తినట్టు చెప్పింది.

ఇకమీదట లేపొద్దు మాషీమా, అంటే పిన్నిగారూ, అని, ఎందుకు లేపకూడదో అంతా ఆవిడ బెంగాలీలో పూసగుచ్చినట్టు చెప్పేశారు. నేను ఇన్నాళ్ళు మింగిన మాటంతా నా ముందే అమ్మకి చేరిపోయింది.

ఆటోలో అమ్మ స్కానింగు కాగితం అందుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"అయితే మీ నానలాగ కాదన్నమాట" అంది.

కాదన్నాను. పురీ గేటు దాటాక మళ్ళీ అడిగింది.

"ఇన్నేళ్ళూ నానే సేసినానేటి?"

"డ్యూటీ సేసిందమ్మా."

"డ్యూటీ అన్నం వొండదు కదా" అంది అమ్మ.

మర్నాడు డ్యూటీ దిగి వచ్చాను. గేటు దగ్గర వాసన చూడలేదు. ఒక ఇడ్లీ, మజ్జిగ పెట్టింది. కిటికీకి పాత దుప్పటి కట్టింది. జెండా కట్టింది. నేను పడుకుని, ఎవరూ తట్టకుండా, దానంతట అదే మెలకువ వచ్చేసరికి ఎండ వాలిపోయింది. గార్డయ్యాక అలా నిద్రపోవడం గుర్తులేదు. ఒళ్ళు తేలిగ్గా బయటికి వస్తే అమ్మ గుమ్మంలో గోడకి ఆనుకుని ఉంది. మొహం పాలిపోయింది, చేతులు వణుకుతున్నాయి. పొయ్యి పక్కన రెండు కంచాలు బోర్లించి ఉన్నాయి. మా ఆవిడ ఎంత చెప్పినా తినలేదట. అమ్మకి షుగరుంది.

అప్పుడు తెలిసింది. నేను ఇంట్లో ఉంటే అమ్మ నాకంటే ముందు ఎప్పుడూ తినలేదు. ఇంట్లో మగవాడు తినకుండా తినడం ఆవిడకి తెలియని పని. ఇన్నేళ్ళూ నన్ను లేపింది నా ఆకలికే కాదు, పడిపోయేదాకా వచ్చే తన ఆకలికి కూడా. నేను అరిచాను. నువ్వు తినేస్తే ఏం పోయిందని అరిచాను. ఆవిడ అన్నం కలుపుకుంది. కంచం ఖాళీ అయ్యేదాకా నేను అక్కడే నిలబడ్డాను.

ఆ తర్వాత అమ్మ లేపకపోయినా మధ్యాహ్నానికి నాకే మెలకువ రాసాగింది, తిందో లేదోనని. డాక్టరమ్మకి ఈ సంగతి ఏ మొహంతో చెప్పాలో తెలియలేదు. ఆవిడ దృష్టిలో నిద్ర ఒక మనిషి చేసే పని. మా ఇంట్లో దానికి ఇద్దరు కావాలి.

అలా మెలకువ వచ్చిన ఒక మధ్యాహ్నం తలుపు తీసి చూశాను. వంటింట్లో అమ్మ గుమ్మానికి వీపు పెట్టి, గోడవైపు తిరిగి కూర్చుని తింటోంది. దొంగతనంగా తింటున్నట్టు చప్పుడు లేకుండా తింటోంది. నా నీడ గోడమీద పడింది కాబోలు, ముద్ద చేతిలోనే ఆగిపోయింది. వెనక్కి తిరగలేదు.

"మీ నాన కోసం ఎన్ని రాత్రులో తినకండా కూకున్నాను" అంది. "నీ కోసం ముందు తినీసినాను. ఎల్లి తొంగో."

గేటుకి జెండా ఉంది. నేను వెళ్ళి పడుకున్నాను. నిద్ర పట్టడానికి మాత్రం కాస్త సేపు పట్టింది.